కేసీ ఆయకట్టు చుట్టూ ఒక గీత కావాలి

గత వేసవిలో ఒకనాటి పొద్దున మా చిన్నాయన మడిగట్టు మీద నిలబడి, పక్క పొలంలో టిప్పర్లు గరుసు దించుతుంటే చూశాను. రాళ్లతో కలిసిన ఆ ఎర్రమట్టిని ఊరికి కాస్త దూరంలో ఉన్న ఒక గుట్టను తవ్వి తెస్తున్నారు. దాన్ని మోకాటి ఎత్తున పరుస్తున్న చోటు నల్లరేగడి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఏటా వరి పండుతూ వచ్చిన మాగాణి. ఒకే టిప్పరు ఒకే ట్రిప్పులో అక్కడ గుట్టను కరగదీస్తోంది, ఇక్కడ మడిని పూడుస్తోంది. ఆ దృశ్యం చూసిన తర్వాతే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

గరుసు ఎందుకు పోస్తారో కర్నూలు వాళ్లకు చెప్పనవసరం లేదు. నల్లరేగడి నానితే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత వెడల్పున బీటలు వారుతుంది. పైరుకు అది వరం, ఎందుకంటే ఆ మట్టి నీటిని పట్టుకున్నంతగా మరో మట్టి పట్టుకోదు. ఇంటికి మాత్రం అదే శాపం. పునాది సరిగా వేయకపోతే మూడు నాలుగేళ్లలో గోడ మూలల నుంచి ఏటవాలు బీటలు మొదలవుతాయి. అందుకే మట్టి తీసి గరుసు నింపడం, ఎత్తు లేపడం, లోతైన పునాదులు, ఇంత ఖర్చు. గుట్ట మీది గరుసు నేల గుణం దీనికి సరిగ్గా వ్యతిరేకం: అక్కడ గింజ మొలవడం కష్టం, గోడ నిలవడం సులువు. ఏ నేల దేనికి పనికొస్తుందో మన పెద్దలకు తెలుసు గనుకనే పాత ఊళ్లు చాలావరకు మెరక మీద, గరుసు మీద ఉంటాయి, మడులు పల్లంలో ఉంటాయి. మనం ఆ తెలివిని వదిలేసి, పండే నేల మీద ఇళ్లు కట్టడానికి పండని నేలను తవ్వి తెచ్చుకుంటున్నాం.

నగరం పెరగకూడదని నేను అనడం లేదు. నేనూ కర్నూలులోనే ఉద్యోగం చేస్తున్నాను, అద్దె ఇంట్లో ఉంటున్నాను, ఏదో ఒకనాడు సొంత ఇల్లు కట్టుకోవాలని నాకూ ఉంది. కల్లూరు ఒకప్పుడు విడి ఊరు, ఈనాడు నగరంలో కలిసిపోయింది. దానికి నేను ఏడవను. నేను కోరేది ఒక్కటే: కర్నూలు ఎటు పెరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పే గీత ఒకటి చట్టబద్ధంగా ఉండాలి, ఆ గీత కేసీ కాలువ (కర్నూలు–కడప కాలువ) నీరు పారే భూమిని నగరానికి అందకుండా కాపాడాలి, ఆ గీత వల్ల నష్టపోయే రైతుకు ఆ నష్టం విలువ నగరమే చెల్లించాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలిన రెండూ నిలవవు.

కేసీ కాలువ ఇవాళ్టిది కాదు. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, సాగునీటికీ పడవల రాకపోకలకూ కలిపి మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ 1863–70 మధ్య దీన్ని తవ్వింది. కంపెనీ లెక్క తప్పి నష్టపోతే 1882లో ప్రభుత్వం కొనేసింది. పడవలు ఎప్పుడో ఆగిపోయాయి, నీరు మాత్రం పారుతూనే ఉంది. కర్నూలు పట్టణంలో ఈ కాలువ హంద్రీ నదిని అక్విడక్టు మీదుగా దాటుతుంది; కింద నది, పైన కాలువ. చిన్నప్పుడు మా నాయన నన్ను సైకిలు మీద తీసుకొచ్చి చూపించిన మొదటి వింత అదే. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉన్న ఈ కాలువ కింద పండిన సన్నబియ్యమే ఊరూరా కర్నూలు సోనా పేరుతో అమ్ముడుపోతుంది. అందులో ఎక్కువ భాగం 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204 రకమే అయినా, పేరు మాత్రం మన నేలకు, మన నీటికి దక్కింది. నూట యాభై ఏళ్ల పాటు తవ్వి, పూడిక తీసి, కాలువ కాపలాకు లష్కర్లను పెట్టి, నీటితీరువా వసూలు చేసి, మళ్లీ లైనింగు వేసి నిలబెట్టుకున్న పని ఇది. ఇంతటి పెట్టుబడి ఉన్న భూమికీ, గుట్ట పక్కన గడ్డి కూడా మొలవని భూమికీ లేఅవుట్ అనుమతి దగ్గర పెద్ద తేడా కనబడదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే.

ఇక్కడ ఒక సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పట్నంలో ఉన్న నా స్నేహితుల్లో చాలామందికి ఇది తెలియదు. మూడెకరాల మడిలో వెంచర్ వేస్తే పోయేది మూడెకరాలే అని వాళ్లు అనుకుంటారు. కాదు. మెట్టభూమి ఎవరి చేను వారిది. మాగాణి అలా కాదు. ప్రధాన కాలువకు తూము, తూము నుంచి పంటకాలువ, పంటకాలువ నుంచి పిల్లకాలువలు, వాటి నుంచి ఒక మడి, ఆ మడి నిండాక దాని కింది మడి, ఇలా నీరు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందుతుంది. ఈ వరుసలో పైన ఉన్న మూడెకరాలు పోతే కింద ఉన్న ముప్పై ఎకరాల గొంతు నొక్కినట్టే.

మా చిన్నాయన పొలానికి జరిగింది అదే. కొన్నేళ్ల కిందట పైన వెంచర్ వేసినవాళ్లు పంటకాలువను పూర్తిగా మూసేయలేదు. రోడ్డు కింద సిమెంటు గొట్టాలు వేసి, కాలువను అందులోంచి పంపారు. కాగితం మీద కాలువ ఉంది. కానీ రెండు గజాల వెడల్పున పారిన నీరు రెండు అడుగుల గొట్టంలో పట్టదు. మొదటి ఏడాది గొట్టం మూతి దగ్గర కసువు, పాలిథిన్ సంచులు, సిమెంటు గోతాలు చేరాయి. నేను, చిన్నాయన, కింద మడి ఆయన ముగ్గురం నడుము లోతు నీళ్లలో దిగి వెదురు గడతో పొడిచి పొడిచి తీశాం. గొట్టం లోపల కంకర గట్టిపడి ఉంది, గడ రెండు బారల కన్నా లోపలికి పోలేదు. రెండో ఏడాది నీరు మా మడికి వారం ఆలస్యంగా వచ్చింది. మూడో ఏడాది కొసన ఉన్న నాలుగు మడులకు అసలు రాలేదు, ఆ ఏడు వాళ్లు నారు పోసి ఎండబెట్టుకున్నారు. ఎత్తు లేపిన వెంచర్ మీద పడిన వాన మాత్రం మురుగుతో సహా పక్క మడుల్లోకే దిగుతుంది. అధికారులకు అర్జీలు ఇచ్చాం. ఒక చోటికి పోతే కాలువ మాది, రోడ్డు మాది కాదన్నారు; ఇంకో చోటికి పోతే రోడ్డు మాది, కాలువ మాది కాదన్నారు.

ఆ తర్వాత జరిగేది మీరు ఊహించగలరు. నీరు రాని మడిని కౌలుకు తీసుకునేవాడు ఉండడు. గుత్త ఇచ్చే ఆసామీ రాకపోతే, బయానా పట్టుకుని మధ్యవర్తి వస్తాడు. చిన్నాయన ఒక సాయంత్రం నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “నీళ్లు వచ్చినన్నాళ్లే ఇది మడి రా. నీళ్లు రాకపోతే ఇంక సెంట్ల లెక్కే.” రైతు తన ఇష్టంతో అమ్ముకుంటున్నాడు కదా, మధ్యలో మీకేమిటి అని అడిగేవాళ్లకు నా జవాబు ఈ మాటే. మొదటివాడు ఇష్టంతో అమ్మి ఉండవచ్చు. రెండోవాడు, మూడోవాడు, పదోవాడు అమ్మింది మొదటివాడి అమ్మకం వల్ల. ఒకరి హక్కు వాడుకోవడం పదిమంది బతుకుదెరువును తీసేస్తుంటే దాన్ని ఒక్కరి స్వంత వ్యవహారం అనడం న్యాయం కాదు.

చట్టం ఏం చెబుతోందని చూస్తే, నాకు ఒక వింత కనబడింది. 2013 నాటి భూసేకరణ చట్టంలో పదో సెక్షన్ ఉంది. ఏడాదికి ఒకటికి మించి పంటలు పండే సాగునీటి భూమిని ప్రభుత్వం సేకరించకూడదని, తప్పనిసరి పరిస్థితుల్లో, వేరే దారి లేనప్పుడే తీసుకోవాలని, అలా తీసుకుంటే అంతే విస్తీర్ణంలో సాగుకు పనికొచ్చే బంజరును అభివృద్ధి చేయాలని ఆ సెక్షన్ అంటుంది. రోడ్లు, రైళ్లు, కాలువల వంటి వాటికి మినహాయింపు ఉన్నా, సూత్రం స్పష్టంగానే ఉంది: నీళ్లున్న భూమి విలువ వేరు. బడికీ, ఆసుపత్రికీ ఈ భూమిని తీసుకోవాలంటే ప్రభుత్వమే ఇంత సంకోచించాలని పార్లమెంటు చెప్పింది. అదే భూమిలో ప్లాట్లు వేసి అమ్మే ప్రైవేటు వ్యాపారికి మాత్రం ఆ సంకోచం అక్కర్లేదు. మన రాష్ట్రంలో 2006లో వచ్చిన వ్యవసాయ భూముల మార్పిడి చట్టం, అందరూ నాలా అని పిలిచేది, పేరు చూస్తే అడ్డుకట్ట అనిపిస్తుంది. ఆచరణలో అది రుసుము చట్టం: భూమి విలువలో ఇంత శాతం కడితే మార్పిడి, కట్టకుండా మార్చినవాడికి అపరాధ రుసుము. 2025లో ఆ చట్టాన్ని కూడా రద్దు చేసి, వసూలును అభివృద్ధి ఛార్జీల కిందకి మార్చారు. ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పిందని రైతులు కూడా సంతోషించారు, అందులో తప్పు లేదు. కానీ రుసుము అంటే అనుమతికి ధర. అది హద్దు కాదు. ప్లాటు ధరలో ఆ నాలుగు రూపాయలు కలుపుకుని వ్యాపారి ముందుకు పోతాడు.

హద్దు గీసిన చోట్లు ఎలా ఉన్నాయో చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం. అక్కడ 1973లో ప్రతి పట్టణమూ తన చుట్టూ ఎదుగుదల హద్దు గీసుకోవాలన్న విధానానికి దారి వేసిన చట్టం వచ్చింది. దాని వెనక నిలబడిన శాసనసభ్యుడు హెక్టర్ మాక్‌ఫెర్సన్ స్వయంగా పాడి రైతు. తన ఊరి చుట్టూ పొలాల మధ్య ఇళ్లు లేస్తుంటే చూసి ఆ పనికి పూనుకున్నాడు. పోర్ట్‌లాండ్ నగరం హద్దు 1979లో ఖరారైంది. ఆ హద్దు లోపల ఇరవై ఏళ్ల అవసరానికి సరిపడా స్థలం ఉండాలని, కొన్నేళ్లకోసారి లెక్క చూసి అవసరమైతే జరపాలని నియమం. ఈ చివరి మాట ముఖ్యమైనది. హద్దు అంటే గోడ కట్టి నగరాన్ని ఉక్కిరిబిక్కిరి చేయడమని మన దగ్గర భయపడతారు. హద్దు అంటే లెక్క చెప్పకుండా పొలంలోకి అడుగు పెట్టకూడదనే క్రమశిక్షణ.

అక్కడా అంతా సాఫీగా సాగలేదు. తమ భూమి విలువ తగ్గినందుకు పరిహారం కావాలని హద్దు బయటి భూయజమానులు పోరాడి, 2004లో ప్రజల ఓటుతో దాదాపు ఆ చట్టాన్ని నిర్వీర్యం చేసేంత పని చేశారు. 2007లో మరో ఓటుతో అందులో చాలా భాగాన్ని సరిదిద్దారు. దీని నుంచి నేను నేర్చుకున్నది ఏమిటంటే, రైతుకు నష్టం వదిలేసి గీసిన గీత ఎప్పుడో ఒకసారి చెరిగిపోతుంది. దీనికి అంత దూరం పోనవసరం లేదు. హైదరాబాదులో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల రక్షణకు నిర్మాణాలపై ఆంక్షలు పెడుతూ 1996లో తెచ్చిన 111 జీవో ఎనభై నాలుగు గ్రామాలను పరిధిలోకి తీసుకుంది. గీత అవతల ఊళ్లో ఎకరా కోట్లు పలుకుతుంటే ఇవతల ఊరి రైతు ఇరవై ఆరేళ్లు చూస్తూ కూర్చున్నాడు. అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. చివరికి 2022లో ఆ ఆంక్షలను ఎత్తివేస్తూ మరో జీవో వచ్చింది. జీవోతో గీసిన గీతను జీవోతో చెరపవచ్చు; శాసనసభలో చట్టంగా చేసిన గీతను చెరపాలంటే కనీసం శాసనసభలో నిలబడి మాట్లాడాలి. కేరళ 2008లో వరిపొలాలు, తడినేలల రక్షణకు చట్టమే చేసింది. ఊరూరా వరిపొలాల సర్వే నంబర్లతో డేటా బ్యాంకు తయారు చేసే పనిని స్థానిక కమిటీలకు అప్పగించింది, ఆ కమిటీల్లో రైతులు ఉంటారు. ఆ చట్టానికి తర్వాత సడలింపులు వచ్చాయి, అమలులో లోపాలూ ఉన్నాయి. అయినా ఏ సర్వే నంబరు కాపాడవలసినదో ఊళ్లోనే కూర్చుని రాసుకోవడం అనే పద్ధతి మనకు బాగా పనికొస్తుంది. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు తడుస్తాయో మా ఊళ్లో నీటిసంఘం పెద్దలకు తెలిసినంత ఏ శాటిలైట్ పటానికీ తెలియదు.

మరి రైతుకు ఎలా చెల్లించాలి? మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గోమరీ కౌంటీ 1980లో తొంభై మూడు వేల ఎకరాలను వ్యవసాయానికి కేటాయించినప్పుడు, అక్కడి రైతులకు తమ భూమిలో ఇళ్లు కట్టే హక్కును విడదీసి అమ్ముకునే వీలు కల్పించారు. ఐదెకరాలకు ఒక హక్కు. ఆ హక్కును కొన్న బిల్డరు నగరంలో కేటాయించిన చోట అదనపు ఇళ్లు కట్టుకుంటాడు, పొలం పొలంగానే ఉండిపోతుంది, డబ్బు రైతుకు చేరుతుంది. ఇది మనకు కొత్త కాదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి మున్సిపాలిటీలు టీడీఆర్ బాండ్లు, అంటే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు పత్రాలు, ఇస్తూనే ఉన్నాయి. ఆ బాండు కొన్నవాడు అదనపు అంతస్తు వేసుకుంటున్నాడు. రోడ్డుకు పది గజాలు ఇచ్చినవాడికి ఉన్న హక్కు, నగరానికి అన్నం పెట్టే భూమిని తరతరాలు అమ్ముకోకుండా ఉండమని మనం అడుగుతున్న రైతుకు ఎందుకు ఉండకూడదు? బాండ్ల విలువ కట్టడంలో అక్రమాలకు తావు లేకుండా ఊరివారీగా జాబితాను బహిరంగంగా పెట్టాలి. కౌలురైతు సంగతి వేరే ఆలోచించాలి, ఎందుకంటే భూమి అమ్మినా, హక్కు అమ్మినా ఇప్పటి లెక్కల్లో అతని పేరు ఎక్కడా ఉండదు.

హద్దు గీస్తే ఇళ్ల ధరలు పెరుగుతాయని, పేదవాడు ఇల్లు కట్టుకోలేడని ఒక వాదన ఉంది. అద్దె ఇంట్లో ఉండేవాడిగా నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఒక ఆదివారం నంద్యాల రోడ్డు వైపో, గుత్తి రోడ్డు వైపో బండి మీద పోయి, ఏడెనిమిదేళ్ల కిందట వేసిన వెంచర్లలోకి వెళ్లి చూడండి. ముందర రంగు వెలిసిన స్వాగత తోరణం, లోపల తీగలు లేని కరెంటు స్తంభాలు, సగం కూలిన హద్దురాళ్లు, మనిషి ఎత్తున కంపచెట్లు. నేను చూసిన ఒకదానిలో కట్టిన ఇళ్లు మూడు. అందులో రెండింటికి తాళాలు. ఆ ప్లాట్ల యజమానులు చాలామంది ఇల్లు కట్టడానికి కొన్నవాళ్లు కాదు, బ్యాంకులో వేయడం కన్నా నయమని కొన్నవాళ్లు. 2020లో కర్నూలును న్యాయ రాజధాని చేస్తూ చట్టం వచ్చినప్పుడు ధరలు ఎలా ఎగిరాయో, 2021 నవంబరులో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నప్పుడు బయానా ఇచ్చినవాళ్లు ఎలా ముఖం చాటేశారో మా ఊరివాళ్లకు బాగా గుర్తు. పేదవాడికి ఇల్లు అందకుండా చేస్తున్నది స్థలం లేకపోవడం కాదు, ఉన్న స్థలాన్ని కంపచెట్లకు వదిలి దాచుకోవడం. అందుకే గీతతో పాటు, లేఅవుట్ వేసి పదేళ్లు కట్టకుండా ఉంచిన ప్లాటు మీద ఏటా పెరిగే పన్ను కూడా ఉండాలని నా వాదన.

కర్నూలుకు ఉన్న అదృష్టం, గుంటూరుకో విజయవాడకో లేని అదృష్టం, మనకు రాతినేల కావలసినంత ఉంది. రాజధాని స్థలం విషయంలో 2014లో శివరామకృష్ణన్ కమిటీ పచ్చని పొలాల గురించి హెచ్చరించినప్పుడు, ఆ ప్రాంతం వారు ఇంకెక్కడికి పోవాలని అడగగలిగారు. మనం ఆ ప్రశ్న అడగలేం. సాంకేతిక విద్యాసంస్థ ట్రిపుల్ ఐటీ డీఎంను కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు మీద కట్టారు. గట్టు మీద భవనాలు నిలబడతాయా అన్న సందేహానికి అదే జవాబు. 2021లో తెరిచిన విమానాశ్రయం ఓర్వకల్లు దగ్గర ఉంది, పరిశ్రమలకూ అటే భూములు కేటాయించారు. ఓర్వకల్లు రాళ్లను చూడడానికి జనం టికెట్టు కొని వెళ్తారు. ఆ చుట్టుపక్కల నాగలికి లొంగని నేల ఎంత ఉందో వెళ్లినవాళ్లందరూ చూసే ఉంటారు. గట్టు మీదికి తాగునీరు ఎక్కించడం ఖర్చుతో కూడిన పని, ఒప్పుకుంటాను. కానీ ఆ ఖర్చు ఒకసారి పెట్టేది. మడిలో వేసిన కాలనీకి గరుసు నింపే ఖర్చు, బీటలు పూడ్చే ఖర్చు, ప్రతి వానకూ మురుగు తోడే ఖర్చు ఎప్పటికీ తీరేవి కావు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలును ముంచినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. మేడల మీద రాత్రంతా గడిపినవాళ్లు నా బంధువుల్లోనే ఉన్నారు. అంతటి వరదను పొలాలు ఆపేవని నేను అనను. నీరు వచ్చినప్పుడు పరుచుకోవడానికి పల్లం మిగిలి ఉండాలని మాత్రం అంటాను. హంద్రీ ఒడ్డున పల్లంలో గరుసు పోసి ఎత్తు లేపిన ప్రతి వెంచర్ ఆ నీటిని ఇంకొకరి ఇంటి వైపు తోస్తుంది.

పట్టణాభివృద్ధి సంస్థ 2019లో ఏర్పడినప్పటి నుంచి కర్నూలు చుట్టూ ఉన్న మండలాల ప్రణాళిక దాని చేతిలో ఉంది. మాస్టర్ ప్లాన్ అన్నది ఏదైనా ముసాయిదాగా ప్రకటించి, అభ్యంతరాలు అడిగి, తర్వాతే ఖరారు చేయాలి. మన జనం ఆ గడువు దాటిపోయాక మేలుకుంటారు. అందుకే మేము ఈసారి ముందుగానే కూర్చున్నాం. మా తూము కింద తడిసే సర్వే నంబర్లన్నీ, ఎవరి అడంగల్‌లో (సాగు రికార్డులో) ఏ పంట ఉందో, ఏ గొట్టం దగ్గర నీరు ఆగుతోందో నాలుగు కాగితాల మీద రాశాం. మొదటి పేజీలో ఈ భూమిని శాశ్వతంగా వ్యవసాయ మండలంగా ప్రకటించాలని కోరాను, చివరి పేజీలో హక్కుల బాండ్ల సంగతి రాశాను.

సంతకాల కోసం చిన్నాయన ఇంటికి తీసుకుపోతే ఆయన కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలూ నిదానంగా చదివాడు. చదివి, చివరి పేజీని తీసి అన్నిటికన్నా పైన పెట్టి, “ఇది ముందు రాయి, అది తర్వాత. ఇట్లయితే ఊరంతా సంతకం పెడుతుంది” అన్నాడు. ఆ రాత్రే కూర్చుని తిరగరాశాను.